కుక్కపిల్లకు నోబివ్యాక్ టీకాలు: ఏ సీసాలో ఏముంది, ఎప్పుడు వేయించాలి

నోబివ్యాక్ అంటే ఒక్క టీకా పేరు కాదు. ఎంఎస్‌డీ యానిమల్ హెల్త్ కంపెనీ కుక్కల కోసం చేసే టీకాల వరసంతటికీ అదే పేరు. అమెరికా, కెనడాల్లో ఈ కంపెనీని మెర్క్ యానిమల్ హెల్త్ అంటారు. అక్కడ దొరికే సీసాల పేర్లు, కూర్పు కొంచెం వేరుగా ఉంటాయి, కాబట్టి పెట్టెలో వచ్చే కరపత్రంలో ఏముందో అదే ఖాయం. ఇక్కడ చెప్పేవి ఈ వరసలో కుక్కల యజమానులకు ఎక్కువగా ఎదురయ్యే సీసాలు: పప్పీ డీపీ, డీహెచ్‌పీపీఐ, లెప్టో, ఎల్4, రేబిస్, కేసీ.

ముందే మా అభిప్రాయం చెప్పేస్తాం. సీసాలోని మందు మంచిది, వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా "అన్ని ఇంజెక్షన్లూ వేయించాం కదా, మా కుక్కపిల్లకు పార్వో ఎందుకొచ్చింది?" అని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఉంటూనే ఉన్నారు. పార్వో అంటే పేగులను దెబ్బతీసి పిల్లల ప్రాణాలు తీసే వైరస్ జబ్బు. అలాంటి చోట కారణం వెతికితే ఎక్కువగా రెండే దొరుకుతాయి: పిల్లకు చివరి డోసు తొందరగా వేసి ఆపేయడం, లేదా సీసా ఫ్రిజ్‌కూ సూదికీ మధ్య పాడవడం. ఈ రెండూ యజమాని కనిపెట్టుకోగలిగినవే.

ముందు డీహెచ్‌పీపీఐ. వరసలో అసలైన సీసా ఇదే. డీ అంటే డిస్టెంపర్ (ఊపిరితిత్తులనూ నరాలనూ దెబ్బతీసే జబ్బు), హెచ్ అంటే హెపటైటిస్ (కాలేయానికి వచ్చే జబ్బు), మొదటి పీ పార్వో, చివరి పీఐ పారాఇన్‌ఫ్లుయెంజా (దగ్గు తెచ్చే వైరస్). నాలుగు వైరస్‌లనూ బతికుండగానే బలహీనపరిచి, చల్లబరిచి ఎండబెట్టి, సీసా అడుగున చిన్న తెల్లటి బిళ్లలా పెడతారు. హెపటైటిస్ తెచ్చేది అడినోవైరస్ 1 అయితే, టీకాలో ఉండేది దాని దగ్గరి చుట్టం అడినోవైరస్ 2. పాతరోజుల్లో 1నే వాడేవారు. దానివల్ల కొన్ని కుక్కలకు కంటి నల్లగుడ్డు ముందరి పొర నీలంగా మసకబారేది. 2తో ఆ బెడద పోయింది, పైగా అది హెపటైటిస్ నుంచీ, 2 రకం తెచ్చే దగ్గు జబ్బు నుంచీ, రెంటి నుంచీ కాపాడుతుంది. కరపత్రం లెక్కన డిస్టెంపర్, హెపటైటిస్, పార్వోలకు రక్షణ కనీసం మూడేళ్లు, పారాఇన్‌ఫ్లుయెంజాకు ఏడాది.

పెట్టెల మీద కనిపించే "సెవెన్ ఇన్ వన్", "నైన్ ఇన్ వన్" అంకెల గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఆ అంకె చూసే టీకా ఎంచుకుంటారు. డీహెచ్‌పీపీఐలో ఉన్నవి నాలుగు వైరస్‌లు. అడినోవైరస్ 2 రెండు జబ్బులను ఆపుతుంది కనుక దాన్ని రెండుగా లెక్కేస్తే అయిదు. దానికి లెప్టో అనే బ్యాక్టీరియాలో రెండు రకాలు కలిపితే ఏడు. లెప్టో రకాలు పెరిగే కొద్దీ, కరోనా చేర్చే కొద్దీ అంకె పెరుగుతుంది. అంకె పెద్దదైతే డిస్టెంపర్ నుంచి ఎక్కువ కాపాడుతుందని కాదు. కుక్కల కరోనా టీకా అయితే అవసరమే లేదని మా మాట. అది పేగులకు వచ్చే జబ్బు, చాలావరకు చిన్నపిల్లల్లో వచ్చి తేలిగ్గా తగ్గిపోతుంది. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం, అదే డబ్ల్యూఎస్‌ఏవీఏ, తన మార్గదర్శకాల్లో దాన్ని సిఫారసు చేయలేదు. మనుషుల కోవిడ్‌కూ దానికీ సంబంధం లేదు.

ఇప్పుడు అసలు సంగతి, చివరి డోసు. పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో తల్లి యాంటీబాడీలు పిల్ల రక్తంలోకి చేరతాయి. అవి ఉన్నన్నాళ్లు పిల్లను కాపాడతాయి. కానీ అవే టీకాలోని వైరస్‌ను కూడా పట్టుకుని చంపేస్తాయి. అంటే ఆ రోజుల్లో వేసిన టీకా వేయనట్టే. ఈ యాంటీబాడీలు సుమారు 8 నుంచి 10 రోజులకోసారి సగానికి తగ్గుతాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలన్నీ ఒకేలా పాలు తాగవు. ముందు తోసుకుని ఎక్కువ తాగిన పిల్లకు, పక్కదానికంటే రెట్టింపు యాంటీబాడీలు ఉంటే, దానికి టీకా పట్టే రోజు 10 రోజులు వెనక్కి జరుగుతుంది. నాలుగు రెట్లు ఉంటే 20 రోజులు, ఎనిమిది రెట్లు ఉంటే నెల. ఒక పిల్లకు 8 వారాలకే టీకా పట్టొచ్చు, దాని తోబుట్టువుకు 12 వారాలకీ పట్టకపోవచ్చు. బయటికి చూస్తే రెండూ ఒక్కలాగే గెంతుతుంటాయి.

మధ్యలో ఇంకో ప్రమాదం ఉంది. యాంటీబాడీలు తగ్గుతూ తగ్గుతూ, వీధిలోని బలమైన పార్వోను ఆపలేనంత పలచబడి, సీసాలోని బలహీన వైరస్‌ను మాత్రం ఇంకా చంపగలిగే స్థాయిలో కొన్నాళ్లు నిలుస్తాయి. ఆ రోజుల్లో పిల్లకు తల్లి రక్షణా లేదు, టీకా రక్షణా లేదు. ఆ ఖాళీని పూర్తిగా మూసేసే టీకా ఏ కంపెనీ దగ్గరా లేదు.

అందుకే పిల్లలకు వేసే రెండో, మూడో డోసులను "బూస్టర్" అనడం మాకు నచ్చదు. బూస్టర్ అంటే ఉన్నదాన్ని పెంచేది. ఇక్కడ మనం చేస్తున్నది, ఏదో ఒక డోసు పట్టేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించడం. డిస్టెంపర్, పార్వోల లాంటి బతికున్న టీకాకు పట్టిన డోసు ఒక్కటి చాలు. అది ఏ వారంలో పడుతుందో తెలియదు కాబట్టే డబ్ల్యూఎస్‌ఏవీఏ చెప్పేది: 6 నుంచి 8 వారాల ఈడులో మొదలుపెట్టండి, 2 నుంచి 4 వారాలకోసారి వేస్తూ పోండి, చివరిది 16 వారాలు నిండాక పడాలి. ఉదాహరణకు 8, 12, 16. 6 వారాలకు మొదలుపెడితే 6, 9, 12, 16. "మూడు డోసులు అయిపోయాయి, ఇక అక్కర్లేదు" అనే లెక్క తప్పు. 6, 8, 10 వారాలకు మూడు డోసులు పడిన పిల్ల కంటే, 12కూ 16కూ రెండే పడిన పిల్ల పరిస్థితి నయం. డోసుల సంఖ్య లెక్కపెట్టకండి, చివరి డోసు నాటికి పిల్ల ఈడెంతో చూడండి. అలాగని రెండు డోసుల మధ్య రెండు వారాల కంటే తక్కువ ఎడం కూడా వద్దు. మొదటిదానికి ఒంట్లో లేచిన స్పందన రెండోదాన్ని అడ్డుకుంటుంది.

ఆ తర్వాత 26 వారాలకు, అంటే ఆరు నెలల ఈడులో ఇంకొకటి. ఇదివరకు దీన్ని ఏడాదికి వేసేవారు, ఇంకా చాలాచోట్ల అలాగే వేస్తున్నారు. 16 వారాలకు కూడా తల్లి యాంటీబాడీలు మిగిలిన పిల్లలు కొన్ని ఉంటాయి. వాటిని ఏడాది దాకా గాలికొదిలేయకుండా ఆరు నెలలకే పట్టుకోవడం దీని ఉద్దేశం. డాక్టరు చెప్పకపోయినా మీరే అడగండి.

పప్పీ డీపీలో డిస్టెంపర్, పార్వో రెండే ఉంటాయి. చిన్న ఈడులో మొదటి డోసుగా వాడతారు. పార్వో తిరుగుతున్న చోట, లేదా చాలా కుక్కలున్న ఇంట్లో పుట్టిన పిల్లలకు ఇది పనికొస్తుంది. ఒంటికుక్క ఉన్న ఇంట్లో 8 వారాలకు నేరుగా డీహెచ్‌పీపీఐతో మొదలుపెట్టినా లోటేమీ లేదు. ఇది వేశాం కదా అని 16 వారాల డోసు మానేయడం మాత్రం కుదరదు.

ఇక చేతిపని. ఈ టీకాలన్నీ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడి తగిలితే డీహెచ్‌పీపీఐలోని బతికున్న వైరస్‌లు చస్తాయి. గడ్డకడితే రేబిస్ సీసా చెడుతుంది. అందులో అల్యూమినియం ఫాస్ఫేట్ ఉంటుంది, గడ్డకట్టి కరిగితే అది ముద్దలు కట్టి మందు బలం పోతుంది. కాబట్టి సీసాల చోటు ఫ్రీజర్ కాదు, తెరిచినప్పుడల్లా వెచ్చటి గాలి తగిలే ఫ్రిజ్ తలుపు అర కూడా కాదు. మధ్య అరలో, వెనక గోడకు ఆనకుండా ఉండాలి. టీకా కొని మీరే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే, ఐస్ ప్యాక్‌కూ సీసాకూ మధ్య గుడ్డో కాగితమో అడ్డం పెట్టండి. మంచుకు నేరుగా ఆనించిన రేబిస్ సీసా దారిలోనే గడ్డకడుతుంది.

మందు కలిపేటప్పుడు దగ్గరుండి చూడండి, అభ్యంతరం చెప్పే డాక్టరు అరుదు. సీసా అడుగున బిళ్ల పొడిగా ఉండాలి. జిగురుగా కుదించుకుపోయి ఉంటే లోపలికి తేమ చేరినట్టే, ఆ సీసా వద్దు. కూడా వచ్చిన 1 మి.లీ. ద్రవాన్ని సిరంజితో లోపలికి ఎక్కిస్తే బిళ్ల వెంటనే కరిగిపోవాలి. సీసా లోపల గాలి తీసేసి మూసినదైతే సూది గుచ్చగానే ద్రవం తనంతట తానే లోపలికి లాక్కున్నట్టు వెళుతుంది. అలాంటి సీసా లాగకపోతే మూత ఎక్కడో వదులైందని అనుమానించాలి. కలిపాక 30 నిమిషాల్లోపు వేసేయాలి. పొద్దున కలిపి పెట్టుకుని సాయంత్రం దాకా వాడేది కాదిది. స్పిరిట్‌తోనో క్రిమిసంహారక ద్రావణంతోనో కడిగిన సిరంజి వాడితే లోపల మిగిలిన తడి బతికున్న వైరస్‌ను చంపుతుంది. కొత్త డిస్పోజబుల్ సిరంజి తెరిస్తే ఆ బాధ ఉండదు.

సూది మెడ వెనకో భుజం మీదో వదులు చర్మం ఎత్తిపట్టి, దాని కింద వేస్తారు. పిల్ల మెదిలితే సూది ఆ చర్మం మడతకు ఇటు గుచ్చుకుని అటు బయటికి వచ్చేయడం మామూలుగా జరిగేదే. మందంతా బొచ్చు మీద పడుతుంది, పిల్ల అరవను కూడా అరవదు, పుస్తకంలో మాత్రం టీకా పడినట్టు స్టిక్కర్ అంటుకుంటుంది. అందుకని సూది తీశాక ఆ చోట బొచ్చు మీద వేలు పెట్టి చూడండి. తడి తగిలితే అప్పుడే చెప్పండి, ఇంకో సీసా తెరవాలి. ఇంకో మాట: చిన్నకుక్క కదా అని సగం డోసు వేయమని అడగకండి. చివావాకైనా గ్రేట్ డేన్‌కైనా 1 మి.లీ.నే. టీకా బరువును బట్టి పనిచేసే మాత్ర కాదు, సగం వేస్తే సగం రక్షణ కూడా రాకపోవచ్చు.

లెప్టో సంగతి వేరు. ఇది వైరస్ కాదు, ఎలుకల మూత్రంతో నీళ్లలోకీ బురదలోకీ చేరే బ్యాక్టీరియా. కుక్క కిడ్నీలనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది, కుక్క మూత్రం ద్వారా ఇంట్లో మనుషులకూ వస్తుంది. నోబివ్యాక్ లెప్టోలో కానికోలా, ఇక్టెరోహెమరేజియే అనే రెండు రకాలుంటాయి. ఎల్4లో వాటికి తోడు ఆస్ట్రాలిస్, గ్రిప్పోటైఫోసా. ఒక రకానికి వచ్చిన రక్షణ ఇంకో రకానికి పెద్దగా పనికిరాదు కనుక, రెండూ దొరికే చోట మేం ఎల్4 వైపే మొగ్గుతాం. ఇది చంపిన బ్యాక్టీరియాతో చేసిన టీకా. కాబట్టి ఇక్కడ రెండో డోసు నిజంగానే రెండో డోసు. మొదటిది ఒళ్లు మేల్కొలుపుతుంది, రెండోది రక్షణ నిలబెడుతుంది. ఎల్4కు రెంటి మధ్య నాలుగు వారాలు ఎడం ఉండాలి. రక్షణ ఏడాదే, ప్రతి ఏడూ వేయించాల్సిందే. చాలా నెలలు ఆలస్యమైతే ఒక్కటి వేసి సరిపెట్టకుండా మళ్లీ రెండూ వేయించాలి. డీహెచ్‌పీపీఐ బిళ్లను మామూలు ద్రవానికి బదులు ఈ లెప్టో ద్రవంతోనే కలిపి ఒకే సూదితో వేయొచ్చని కరపత్రంలోనే ఉంటుంది. కరపత్రం చెప్పని జోడీలను, వేరే కంపెనీల సీసాలను, ఒకే సిరంజిలో కలపనివ్వకండి.

రేబిస్ టీకాలో వాదనకు తావులేదు. లక్షణాలు మొదలయ్యాక కుక్కకైనా మనిషికైనా దాదాపు మరణమే. 12 వారాలు నిండాక వేయాలి. అంతకంటే ముందు వేయాల్సి వస్తే 12 వారాలు దాటాక మళ్లీ వేయాలి, మొదటిది లెక్కలోకి రాదు. రేబిస్ ఎక్కువగా ఉన్నచోట 2 నుంచి 4 వారాల తర్వాత రెండోది కూడా వేయిస్తే మేలు. తర్వాత ఏడాదికి ఒకటి. అక్కడి నుంచి చాలా దేశాల కరపత్రాల్లో మూడేళ్ల గడువు ఉన్నా, మీరున్నచోట చట్టం ఏడాదికోసారి అంటే అదే పాటించాలి. టీకా పడిన కుక్కను అనుమానంగా ఉన్న జంతువు ఏదైనా కరిస్తే గడువు చూసుకుంటూ కూర్చోకండి, వెంటనే ఇంకో డోసు వేయించాలి. టీకాలు పడిన కుక్కే కదా కరిచింది అని మనుషులు ఊరుకోకూడదు. గాయాన్ని సబ్బుతో, ధార కింద 15 నిమిషాలు కడిగి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

కేసీ, అంటే కెన్నెల్ కాఫ్ (కుక్కల దగ్గు) టీకా, అందరికీ అక్కర్లేదు. నలుగురి కుక్కలతో హాస్టల్‌లో ఉండే, శిక్షణకు వెళ్లే, పోటీలకు వెళ్లే కుక్కలకు వచ్చే దగ్గును ఆపేది ఇది. బోర్డెటెల్లా బ్యాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్, రెండూ బతికున్నవి. సూదితో కాదు, ఒక ముక్కు రంధ్రంలో 0.4 మి.లీ. చుక్కలుగా వేస్తారు. బోర్డెటెల్లా మీద 72 గంటల్లో, పారాఇన్‌ఫ్లుయెంజా మీద మూడు వారాలకు పనిచేయడం మొదలుపెడుతుంది కనుక, ఊరెళుతూ కుక్కను హాస్టల్‌లో వదిలే ముందురోజు వేయిస్తే వదిలేనాటికి రక్షణ ఇంకా మొదలై ఉండదు. ముందు రోజుల్లో యాంటీబయాటిక్ వాడి ఉంటే చెప్పాలి, అది టీకాలోని బ్యాక్టీరియాను చంపేస్తుంది. వేశాక కొన్నాళ్లు తుమ్ములు, ముక్కు కారడం మామూలే. టీకాలోని క్రిమి వారాల తరబడి బయటికి వస్తుంది కాబట్టి, ఇంట్లో కీమోథెరపీ తీసుకునేవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు ఉంటే ముందే డాక్టరుతో మాట్లాడండి. పొరపాటున దీన్ని చర్మం కింద సూదితో వేస్తే చీముగడ్డ కడుతుంది, కాలేయం దెబ్బతినొచ్చు. ముక్కులో వేసేది బయటికి తీసి సూది తగిలిస్తుంటే చేయి అడ్డం పెట్టండి.

దుష్ప్రభావాల విషయంలో భయపడాల్సినవి తక్కువ, వాటిని గుర్తుపట్టాలి. ఒకటి రెండు రోజులు మగతగా పడుకోవడం, తిండి తగ్గడం, కొద్దిగా ఒళ్లు వెచ్చబడడం మామూలు. వేసిన చోట గడ్డ లేచి రెండు వారాల్లో కరుగుతుంది, నొక్కి చూడకండి. మూడు వారాలకూ కరగకపోతే, పెరుగుతుంటే చూపించాలి. మూతి, కనురెప్పలు వాచిపోతే, ఒళ్లంతా దద్దుర్లు లేస్తే ఆ రోజే వెళ్లాలి. వాంతి, విరేచనం, చిగుళ్లు తెల్లబడడం, కాళ్లు తేలేయడం చాలావరకు మొదటి గంటలోనే వస్తాయి, ఒక్కోసారి నిమిషాల్లో. అప్పుడు అడ్రినలిన్ కావాలి, ఇంటి చిట్కాలతో ఆగదు. టీకా పడ్డాక అరగంట ఆస్పత్రిలోనే కూర్చోమనేది ఇందుకే. సాయంత్రం మూసే వేళకు కాక పొద్దునే వేయించండి. ఒకసారి ఇలా జరిగిన కుక్కకు ఏ సీసా, ఏ బ్యాచ్ అన్నది పుస్తకంలో ఎర్ర సిరాతో రాయించి, మరోసారి ఒక్కో టీకా ఒక్కో రోజు వేయమని అడగండి. అయిదు కిలోల లోపు చిన్నజాతి కుక్కలకు ఒకేరోజు నాలుగైదు రకాలు వేయడం మాకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

చివరి డోసు పడేదాకా పిల్లను గదిలో పెట్టి తాళం వేయకండి. మనుషులకూ చప్పుళ్లకూ అలవాటు పడే ఈడు 3 నుంచి 14 వారాల మధ్యే గడిచిపోతుంది. చంకనెత్తుకుని తిప్పండి, టీకాలు పూర్తయిన కుక్కలతో ఇంట్లో ఆడించండి, ఊరకుక్కలు తిరిగే మట్టిలో మాత్రం దించకండి. పార్వో నెలల తరబడి నేలలో బతుకుతుంది. ఇంతకుముందు పార్వోతో పిల్ల పోయిన ఇల్లయితే, ఒక వంతు బ్లీచ్‌కు 30 వంతుల నీళ్లు కలిపి, ముందు మురికంతా కడిగి, ఆ ద్రావణంతో పది నిమిషాలు తడిగా ఉంచాలి. స్పిరిట్, శానిటైజర్ పార్వోను ఏమీ చేయలేవు.

పెద్దకుక్కకు ఏటేటా డీహెచ్‌పీపీఐ అంతా వేయమంటే ఎందుకని అడగండి. ఆ మూడు అసలు వైరస్‌లకు మూడేళ్లకు ఒకసారి కంటే తరచుగా అక్కర్లేదు, ఏటా కావాల్సింది లెప్టో, చట్టం ఏటా అంటే రేబిస్, అవసరమైతే కేసీ. అనుమానముంటే రక్తంలో యాంటీబాడీ పరీక్ష చేయించొచ్చు. డిస్టెంపర్, హెపటైటిస్, పార్వోలకు అది నమ్మదగిన పరీక్ష. పిల్లకైతే చివరి డోసు పడి నాలుగు వారాలయ్యాక చేస్తేనే తల్లి యాంటీబాడీలతో కలగాపులగం కాకుండా ఉంటుంది. లెప్టోకు ఆ పరీక్ష పనికిరాదు. యాంటీబాడీలు త్వరగా తగ్గిపోతాయి, అంకె చూసి రక్షణ ఉందో లేదో చెప్పలేం. రేబిస్‌కు ఉంది, విదేశాలకు తీసుకెళ్లేటప్పుడు అడుగుతారు, మి.లీ.కు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్లు ఉండాలి. ప్రయాణం అనుకున్నవాళ్లు మైక్రోచిప్ (కుక్క చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ముందు పెట్టించి, ఆ తర్వాతే రేబిస్ టీకా వేయించాలి. తేదీలు తారుమారైతే పాత టీకా లెక్కలోకి తీసుకోని దేశాలున్నాయి.